రిటైరయ్యాక వరద సహాయక పనుల్లోకి దిగాలనుంది. 62 ఏళ్ల మనిషి పనికొస్తాడా?

పాయకాపురం_62

నమస్కారం. ఖజానా శాఖలో చేసి ఈమధ్యే 62 నిండి రిటైరయ్యాను. ఉండేది విజయవాడ పాయకాపురంలో, మొదటి అంతస్తు. 2024 సెప్టెంబరులో ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపే చూస్తోంది. అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి మరి. మాకు మాత్రం వెనకవైపు నుంచి బుడమేరు వాగు వచ్చింది. గట్టుకు గండ్లు పడ్డాయని తెలిసేసరికి కింది వాటాలో ఫ్రిజ్ తేలుతోంది. కిందివాళ్లు, పక్క రేకుల ఇంటివాళ్లు అందరూ మా ఇంట్లోనే ఉన్నారు. బియ్యం ఉన్నాయి, తాగే నీళ్లు లేవు.

అప్పుడు పడవల్లో వచ్చిన పిల్లల్ని చూశాక, రిటైరయ్యాక ఈ పని చేయాలని గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు తీరిక ఉంది. పెన్షన్ వస్తోంది. మోకాళ్లు ఫర్వాలేదు, బీపీకి మాత్ర వేసుకుంటాను. ఈత రాదు. పేరు ఎక్కడ ఇవ్వాలి? ట్రైనింగ్ ఏమన్నా ఉంటుందా? మా అబ్బాయేమో "నాన్నా, నిన్ను కాపాడటానికి ఇంకో పడవ కావాలి" అంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫ్లైఓవర్_కుర్రాడు

సార్, ఏమనుకోకండి, మీ అబ్బాయి చెప్పింది కరెక్ట్. నేను ఆపద మిత్ర ట్రైనింగ్ తీసుకున్నాను, విపత్తుల్లో పనిచేసే వాలంటీర్లకు ప్రభుత్వం ఇచ్చేది. 12 రోజులు ఉంటుంది, 18 నుంచి 40 ఏళ్ల వాళ్లకే. మాజీ సైనికులు, రిటైరైన వైద్య సిబ్బంది లాంటి వాళ్లకు వయసులో సడలింపు ఇస్తారు గానీ ఖజానా వాళ్లకు ఇచ్చినట్టు నేను వినలేదు.

ఆ వరదలో మేం సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరి నుంచి బోట్లు ఎక్కాం. నీళ్లు నల్లగా ఉండేవి, కింద డ్రైన్ ఎక్కడుందో, మ్యాన్‌హోల్ మూత ఉందో కొట్టుకుపోయిందో తెలియదు. బోటులో ఎక్కిన ప్రతి వాలంటీరూ బయటికి తేవాల్సిన ఒక మనిషి చోటు తీసుకుంటాడు. సహాయం చేస్తామని వచ్చి, సెల్ఫీ దిగి, జారి పడి, మాతోనే కట్టు కట్టించుకున్న పెద్దాయన్ని నేను చూశాను. దయచేసి నీళ్లలోకి మాత్రం రావద్దు.

గోదారిగట్టు

తమ్ముడు కాస్త గట్టిగా చెప్పాడు గానీ అబద్ధం చెప్పలేదు. నేను రెవెన్యూలో చేశాను, సర్వీసులో ఎక్కువ భాగం గోదావరి ముంపు మండలాల్లోనే. కూనవరం, వీఆర్‌పురం వైపు. రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పటికీ వరద వస్తే మావాళ్లు ఫోన్ చేస్తారు.

పాయకాపురం గారూ, వరద పని అనగానే మనకు పడవ గుర్తొస్తుంది. పడవ పని మొదటి రెండు మూడు రోజులే. ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్, అగ్నిమాపక వాళ్లు, మత్స్యకారులు, ఈ తమ్ముడి లాంటి పిల్లలు, వీళ్లు చూసుకుంటారు. దానికి ముందు ఒక పని ఉంది, తర్వాత ఒక పని ఉంది. ఆ రెండిటికీ మనుషులు దొరకరు.

ముందు పని ఏమిటంటే, మీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవడం. మా వైపు ఇది తేలిక. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ముసలివాళ్లకు తమ గుమ్మంలోకి ఎన్ని అడుగులకు నీళ్లు వస్తాయో నోటికి వచ్చు. ఫలానా అడుగు దాటిందంటే గొడ్లను విప్పేస్తారు. మీ బుడమేరుకు అంత టైమ్ ఇచ్చే గుణం లేదు. కొండల్లో వాన పడితే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడ గేట్లు ఎత్తితే నీళ్లు మీ వైపు వస్తాయి. బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే కాలువ గట్టు తెగినా మీ వైపే. కాబట్టి మీ వీధిలో ఒకరు వెలగలేరు సంగతి కనుక్కుంటూ ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి లేచి ఫోన్ చూసే ఓపిక కుర్రాళ్లకు ఉండదు. మనకు ఎలాగూ నిద్ర పట్టదు.

తర్వాత పని గురించి ఇంకో పోస్టు రాస్తాను. అది పెద్దది.

సిస్టరమ్మ

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. బీపీ అన్నారు కాబట్టి ముందు మీ సంగతి. మీ మాత్రలు రెండు వారాలకు సరిపడా జిప్ కవర్‌లో వేసి సంచిలో పెట్టుకోండి, చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు లేకపోతే ఇప్పుడే చేయించుకోండి. చెప్పులతో బురదలోకి దిగవద్దు, రబ్బరు బూట్లు కావాలి. కాలికి పుండు ఉన్నా, షుగర్ ఉన్నా అసలు దిగవద్దు. ఎలుక జ్వరం వచ్చేది అలాగే. దానికి ముందుగా వేసుకునే మందు ఉంది, డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

ఇక మీరు చేయగల పని. మీ వీధిలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఎవరు, డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లు ఎవరు, నెలలు నిండినవాళ్లు ఎవరు, మంచం దిగలేనివాళ్లు ఎవరు? ఇది వరద రాకముందే తెలియాలి. డయాలిసిస్ మనిషి వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, నీళ్లు తగ్గేదాకా ఆగలేడు. కరెంటు పోయిందని ఇన్సులిన్ పారేసేవాళ్లు ఉన్నారు. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెడితే కొన్నాళ్లు కాపాడుకోవచ్చని చెప్పేవాళ్లు ఉండరు. బోటు వచ్చినప్పుడు "మూడో ఇంట్లో డయాలిసిస్ పేషెంటు ఉన్నాడు, ముందు అక్కడికి" అని చెప్పే మనిషి ఆ వీధి మొత్తానికీ ఒక్కరుంటే చాలు.

బ్లీచింగ్ గురించి కూడా. జనం గుప్పిళ్లతో పోస్తారు, తర్వాత వాసన అని ఆ నీళ్లు మానేసి వేరే నీళ్లు తాగుతారు. మంచి బ్లీచింగ్ పౌడరు అయితే వెయ్యి లీటర్ల తేట నీళ్లకు రెండున్నర గ్రాములు చాలు, అరగంట ఆగి వాడాలి. బురదగా ఉంటే ముందు తేరుకోనివ్వాలి. మీరు లెక్కల మనిషి కదా, ట్యాంకుల పని మీకు అప్పగించవచ్చు.

నిజంమాట్లాడదాం

అందరూ బాగానే చెబుతున్నారు. నాకొకటి అర్థం కాదు. జాబితాలు రాయడానికి వార్డు సచివాలయం ఉంది, ఏఎన్ఎం ఉన్నారు, ఆశా ఉన్నారు. జీతాలు వాళ్లకి, పని మనకా? ప్రతి వరదకూ ఫ్లెక్సీ కట్టుకుని పులిహోర పొట్లాలు పంచే "సేవా" బ్యాచ్ ఒకటి తయారవుతుంది. రోడ్డు మీద ఉన్న ఇళ్లకు నాలుగు పొట్లాలు, లోపలి సందులకు ఒక్కటీ రాదు. పాత బట్టలైతే రోడ్డు పక్కన కుప్పలు పోసి వెళ్లారు. తర్వాత అవి కూడా చెత్తే, మున్సిపాలిటీ వాళ్లు ఎత్తాల్సి వచ్చింది.

గోదారిగట్టు

నిజం గారూ, పొట్లాల విషయంలో మీతో ఏకీభవిస్తాను. బట్టల విషయంలో ఇంకా ఎక్కువ ఏకీభవిస్తాను. కానీ సచివాలయం సిబ్బంది ఇళ్లు కూడా మునుగుతాయి. ఉన్నవాళ్లలో సగం మందిని పునరావాస కేంద్రానికి డ్యూటీ వేస్తారు. మిగిలినవాళ్లు బదిలీ మీద వచ్చినవాళ్లు, వీధి తెలియదు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ టైమ్‌లో "సార్, మా వీధిలో ఇన్ని ఇళ్లు, ఇంతమంది, వీళ్లు అద్దెకున్నవాళ్లు" అని చేతిరాతతో కాగితం తెచ్చిన మనిషిని దేవుడిలా చూసేవాణ్ని.

ఇప్పుడు తర్వాత పని. నీళ్లు తీశాక ఎన్యూమరేషన్, అంటే ఇంటింటి నష్టం లెక్క, వస్తుంది. 2024లో విజయవాడలో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు, బైకుకు 3 వేలు, ఆటోకు 10 వేలు అని ప్రకటించారు. మంచిదే. కానీ టీం వచ్చిన పూట ఆ ఇంటావిడ పాచిపనికి వెళ్లి ఉంటుంది. "డోర్ లాక్" అని రాసుకుని వెళ్లిపోతారు. అద్దెకుండే ఆయన ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్ ముద్దయిపోయి ఉంటుంది, ఖాతా నంబరు గుర్తుండదు. ఆధార్ లింకయింది పాత ఖాతాకి, అది ఎప్పుడో ఆగిపోయింది. వీళ్లెవరికీ అర్జీ రాయడం రాదు, రాసినా ఎక్కడివ్వాలో తెలియదు. పదో రోజుకు టీవీ వాళ్లు వెళ్లిపోతారు, పులిహోర బ్యాచ్ వెళ్లిపోతుంది, ఈ పని అప్పుడు మొదలై నెలల తరబడి ఉంటుంది.

ఖజానా మనిషికి ఇంతకంటే సరిపోయే పని నాకు కనబడటం లేదు. ఏ బిల్లు ఎక్కడ ఆగిందో వాసన చూసి చెప్పగల మనుషులు మీరు.

ఖమ్మం_మున్నేరు

గోదారిగట్టు సార్ చెప్పింది అక్షరాలా నిజం. 2024 సెప్టెంబరు 1న మున్నేరు మా ఇండ్ల మీదికి వచ్చింది. బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్, ఆ చుట్టుపక్కల. నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రిటైర్ అయిన. నీళ్లు పోయినంక అసలు కష్టం బురద. మోకాళ్ల లోతు బురద, అది ఎండితే గట్టిపడి గడ్డపారకు కూడా లొంగదు. దాన్ని పిల్లలు తీసిండ్రు. నేను గడప బయట కుర్చీ వేసుకుని కూర్చున్న. ఇంట్లోంచి వచ్చిన ప్రతి కాగితం నా దగ్గరికి రావాలని చెప్పిన. పట్టాదారు పాస్‌బుక్, టెన్త్ మెమో, పెండ్లి ఫొటోలు, ఎల్ఐసీ బాండు.

తడిసిన కాగితాన్ని ఎండలో పెట్టవద్దు, ముడుచుకుపోయి సిరా లేస్తుంది. కట్ట మొత్తాన్ని ఒకేసారి విడదీయవద్దు. నీడలో, ఫ్యాన్ గాలికి, మధ్యలో పాత న్యూస్‌పేపర్ పెట్టి, పేపర్ తడిసినప్పుడల్లా మార్చుకుంటూ పోవాలి. పనికిరాదని పారేయబోయిన మెమోలు కూడా అట్లనే బతికినయి. నంబరు కనబడితే చాలు, డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. ఓ అమ్మాయి డిగ్రీ అడ్మిషన్ దాని మీదనే ఉండె.

ఇంకొకటి. ఇంట్లో అన్నీ పోయిన మనిషి మీ దగ్గర కూర్చుంటే కాగితం గురించి మాట్లాడడు. ముందు వేరేవి మాట్లాడుతడు. వినండి. కుర్రాళ్లకు అంత టైమ్ ఉండదు.

బండి_సర్వే

నేను ఇన్సూరెన్స్ కంపెనీలో చేశాను, ఒక్క విషయం చెప్పి వెళ్తాను. మునిగిన బండిని, కారుని స్టార్ట్ చేయవద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటాయి, కిక్ కొట్టినా, సెల్ఫ్ కొట్టినా లోపల పాడవుతుంది. ఆ నష్టానికి క్లెయిమ్ ఇవ్వనంటారు. ముందు నీటి మట్టం కనబడేలా ఫొటో తీసి, కంపెనీకి చెప్పి, తోసుకుంటూనో లాక్కుంటూనో షెడ్డుకి. వీధిలో ఇది చెప్పే ఒక పెద్దమనిషి ఉంటే చాలా డబ్బు మిగులుతుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ కూడా అంతే, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయవద్దు.

నాన్నగారి_కూతురు

చదువుతున్నాను, అందరూ మంచివాళ్లే. కానీ ఇంట్లోవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. మా నాన్నగారు కూడా ఇలాగే రిలీఫ్ క్యాంపుకి వెళ్లారు. పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవారు, ఫోన్ స్విచాఫ్. అందరికీ అన్నం పెట్టి ఆయన తినేవారు కాదు. షుగర్ పడిపోయి కళ్లు తిరిగితే క్యాంపులో ఉన్న వరద బాధితులే సోడా తాగించారట. మేం కోప్పడితే "నేను ఖాళీగా కూర్చుంటే మీకు సంతోషమా" అని అలిగారు.

అంకుల్, మీరు చేయండి. కానీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఎన్నింటికి వస్తారు, ఎవరితో ఉంటారు, ఎప్పుడు తింటారు. ఆంటీగారి మాట కూడా అడగండి. రిటైరయ్యాకైనా ఇంట్లో ఉంటారని ఆవిడ అనుకుని ఉంటారు.

ఫ్లైఓవర్_కుర్రాడు

నేను ముందు కాస్త కటువుగా రాశాను. ఒకటి గుర్తొచ్చింది, చెప్పాలి. ఫ్లైఓవర్ మీద రెండో రోజు ఘోరంగా ఉంది. ఆహారం లారీలు, ట్రాక్టర్లు, అంబులెన్సులు, మా బోట్ల ట్రాలీలు, చూడటానికి వచ్చినవాళ్లు, అంతా కలిసి జామ్. ఎవరో పెద్దాయన, ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేశారట, మెడలో విజిల్ వేసుకుని వచ్చారు. ఎవరూ పిలవలేదు. దిగే లారీలు ఒక వైపు, ఎక్కే లారీలు ఒక వైపు, అంబులెన్స్‌కు మధ్యలో దారి. ఒక గంటలో లైన్ పడింది. పోలీసులు కూడా ఆయన చెప్పినట్టు విన్నారు. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగలేదు. ఆ రోజు మా బోట్లు ఎక్కువ ట్రిప్పులు తిరిగాయంటే కారణం ఆయనే.

కాబట్టి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. నీళ్లలోకి వద్దు. ఒడ్డున మాత్రం కావాలి, చాలా కావాలి.

దివిసీమ_మాస్టారు

ఇంత చదివాక నేనూ రాయకపోతే బాగుండదు. నేను హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మాది నాగాయలంక పక్క. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్నాను, అవనిగడ్డలో మా మేనమామ ఇంట్లో ఉండి బతికాను. చనిపోయినవాళ్లు దాదాపు పదివేల మంది అని ప్రభుత్వ లెక్క. మావాళ్లెవరూ ఆ లెక్కను నమ్మరు. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఎవరు మిగిలారో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. శవాలు ఎత్తారు, పశువుల కళేబరాలు తగలబెట్టారు, గుడిసెలు వేశారు. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ వచ్చినవాళ్లకు ఏ గుడిసెలో ఎంతమంది ఉండేవారో తెలియదు. అది చెప్పగలిగినవాళ్లు ఊళ్లో చదువు చెప్పిన మాస్టార్లు, పోస్టుమాన్, చౌకడిపో ఆయన. వాళ్లలో బతికిన ఒకాయన హాజరుపట్టీ ముందు పెట్టుకుని పేరు పేరునా పిలుస్తూ రాసుకోవడం నేను చూశాను. పలకని పేర్లే ఎక్కువ. నేను టీచరునైంది ఆ తర్వాతే. ఎందుకయ్యానని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు మా వైపు తుపాను షెల్టర్లు ఉన్నాయి. హెచ్చరికలు ముందే వస్తాయి. అయినా ప్రతి తుపానుకూ ఇల్లు వదలనని మొండికేసే ముసలమ్మ ఉంటుంది. కానిస్టేబుల్ చెబితే వినదు. "సుబ్బమ్మత్తా, నేను, మాస్టారిని, బయలుదేరు" అంటే తిట్టుకుంటూ లేస్తుంది. ఈ పనికి ట్రైనింగ్ ఎక్కడా ఇవ్వరు. ముప్ఫై ఏళ్లు ఆ ఊళ్లో ఉండటమే ట్రైనింగ్.

పాయకాపురం గారికి ఒక ప్రశ్న. మీ పేటలో నీళ్లొస్తే జనం వెళ్లాల్సిన మేడ ఏది? దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

డాలస్_నుంచి

ఇక్కడ ఇలాంటిదే ఒకటి ఉంది, సర్ట్ అంటారు. 1985లో లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ మొదలుపెట్టింది, ఇప్పుడు దేశమంతా ఉంది. నేను మా కౌంటీలో చేరాను, మా బృందంలో రిటైరైనవాళ్లే ఎక్కువ. పరుగులు పెట్టే పని ఎవరికీ చెప్పరు. రిజిస్ట్రేషన్ టేబుల్, రేడియో, వచ్చిన సామాను లెక్క. అందరికీ నేర్పేది ముందు నీ ఇల్లు, తర్వాత నీ పక్కిల్లు అని.

డబ్బు పంపమంటే మేం నలుగురం సిద్ధం. ఎవరికి పంపాలి?

పాయకాపురం_62

డాలస్ గారూ, థాంక్స్. డబ్బు విషయం జాగ్రత్తండీ, ఇది నా పాత వృత్తి కాబట్టి చెబుతున్నాను. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే, అది తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి. నా సొంత ఖాతాకి మాత్రం ఎవరూ పంపవద్దు. ఒక వీధి పనికి అంత డబ్బు అక్కర్లేదు కూడా. నాలుగు టార్చీలు, ఒక హ్యాండ్ మైకు, తాళ్లు, రబ్బరు బూట్లు. మా అపార్ట్‌మెంట్ వాళ్లమే వేసుకుంటాం.

మాస్టారూ, మీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. రేపు కనుక్కుంటాను.

వేదిక_నిర్వాహకుడు

ఫోన్ నంబర్లు, రోగుల వివరాలు ఇక్కడ పెట్టవద్దు. ఒక పోస్టు తీసేశాను. పార్టీల గొడవకు వేరే చర్చ ఉంది.

సిస్టరమ్మ

నిర్వాహకుడు గారు చెప్పింది ముఖ్యం. నేను చెప్పిన జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరికి ఏ జబ్బో ఊరంతా తెలిస్తే రెండోసారి ఎవరూ చెప్పరు. కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచండి, ఒక కాపీ ఏఎన్ఎంకి.

నిజంమాట్లాడదాం

సరే, కాగితాల పని గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను. మా నాన్నగారి ఇంటికి కూడా డోర్ లాక్ అనే రాశారు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ పెద్దమనుషులు అర్జీలు రాసిపెట్టి, రేపు "మా వల్లే మీకు డబ్బొచ్చింది" అని ఏ కార్పొరేటర్ పక్కనో నిలబడితే?

గోదారిగట్టు

అలా నిలబడేవాళ్లు ఉంటారు. అందుకే ఒక్కరే చేయకూడదు. అర్జీ ఎవరిదో వాళ్ల చేతనే ఇప్పించాలి, రసీదు వాళ్ల దగ్గరే ఉండాలి. మనం రాసిపెట్టి పక్కకు తప్పుకోవాలి. పైసా ముట్టకూడదు, జిరాక్సు డబ్బులతో సహా.

పాయకాపురం గారూ, ఏదో ఒక గొడుగు కింద ఉండటం మంచిది. జిల్లా రెడ్‌క్రాస్‌లో సభ్యత్వం తీసుకోండి, దానికి కలెక్టరే అధ్యక్షులు. ప్రథమ చికిత్స శిక్షణ వాళ్లే ఇస్తారు, వయసు అడ్డం రాదు. ఆపద వేళ గుర్తింపు కార్డు లేని మనిషిని పోలీసులు బారికేడ్ దాటనివ్వరు. కంట్రోల్ రూమ్ నంబర్లు మాత్రం ఇక్కడ రాయొచ్చు కదా: జిల్లాకు 1077, రాష్ట్రానికి 1070, అత్యవసరానికి 112. మెట్ల దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఫోన్‌లో సేవ్ చేస్తే ఛార్జింగ్‌తో పాటే పోతాయి.

ఉద్దానం_తోట

తిత్లీ తుపాను అప్పుడు, 2018లో, మా వైపు కొబ్బరి, జీడి మొత్తం నేలకొరిగాయి. ఇళ్ల కంటే చెట్ల లెక్క పెద్ద తలనొప్పి అయింది. రిటైరైన వ్యవసాయ శాఖాయన ఒకరు రైతుల్ని వెంటబెట్టుకుని, చెట్లు నరికి పక్కకు లాగకముందే సర్వే నంబరు వారీగా ఫొటోలు తీయించాడు. ఆ పల్లెలో పేచీలు తక్కువ వచ్చాయి. పల్లెటూళ్లవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

పాయకాపురం_62

తాళం సంగతి కనుక్కున్నాను. మా వీధి చివర మున్సిపల్ స్కూలు ఉంది, రెండంతస్తులు. ఆ వరదలో దాని పైగదులు ఖాళీగానే ఉన్నాయట! తాళం తీసేవాళ్లు లేక రేకుల ఇళ్లవాళ్లు మెట్ల మీదే కూర్చున్నారు. ఈ మాట వాచ్‌మనే చెప్పాడు.

మా ఆవిడతో మాట్లాడాను. చీకటి పడేలోపు ఇంటికి రావాలి, భోజనం డబ్బా తీసుకెళ్లాలి అంది. జాబితాకు తనూ వస్తానంది. ఆడవాళ్లు నాకు చెప్పని సంగతులు తనకు చెబుతారట. అదీ నిజమే, నెలలు నిండాయా అని నేను అడిగితే ఏం బాగుంటుంది.

సిస్టరమ్మ గారూ, ఫ్లైఓవర్ బాబూ, మీరిద్దరూ ఊళ్లోనే ఉంటే ఒక ఆదివారం మా వీధికి రాగలరా? మీకు తెలిసింది అందరికీ ఒకసారి చెబితే బాగుంటుంది.

ఫ్లైఓవర్_కుర్రాడు

ఆదివారం వద్దు సార్, మా అక్క పెళ్లిచూపులు. శనివారం సాయంత్రం వస్తాను. తాడు తెస్తాను, ఒడ్డు మీద నుంచే తాడు ఎలా విసరాలో చూపిస్తాను. ఖాళీ వాటర్ క్యాన్లు ఒక పది దాచిపెట్టండి, తేలడానికి పనికొస్తాయి.

సిస్టరమ్మ

శనివారం నాకూ కుదురుతుంది. బీపీ మిషన్ తెస్తాను. ముందు మీది చూస్తాను.

దివిసీమ_మాస్టారు

బాగుంది. తాళం రెండో కాపీ అడిగారా?

పాయకాపురం_62

అడిగాను మాస్టారూ. హెడ్మిస్ట్రెస్ గారు కాదనలేదు, లెటర్ పెట్టమన్నారు. వీధివాళ్ల సంతకాలతో, వార్డు సచివాలయం త్రూ. డ్రాఫ్టు రాత్రే రాశాను, మా ఆవిడ రెండు పేజీలు ఎక్కువంది, కుదిస్తున్నాను.